పది నిమిషాలు ముందు నడిచిన గడియారం

ఇన్నేళ్ళుగా నేను పది నిమిషాలను మోస్తున్నాను. వినడానికి నవ్వొస్తుంది. పది నిమిషాలకు బరువేమిటి? దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రం పూట ఒక్క సిగ్నల్ దగ్గర ఆగితే పోయేవి అవి. నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకుంటూనే ఉద్యోగం మారాను, ఇల్లు మారాను, పెళ్ళి చేసుకున్నాను, జుట్టు నెరిసింది. అప్పుడప్పుడు ఆ సంగతి గుర్తొచ్చి భుజం మీద ఏదో ఉన్నట్టు అనిపించేది. పాపం చేశాను, మోస్తున్నాను, సరిపోయింది అనుకునేవాణ్ణి. పోయిన ఆదివారం మధ్యాహ్నం ఒక పన్నెండేళ్ళ పిల్ల నాకు వీపు పెట్టి నిలబడి నాలుగు మాటలు చెప్పింది. అప్పుడు తెలిసింది, ఆ బరువు నా భుజం మీద లేదు. ఇన్నేళ్ళూ ఆ పిల్ల మీద ఉంది.

ఆ దెబ్బ నుంచి నేనింకా తేరుకోలేదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు. ఎందుకు దిగడం లేదో చివర్లో మీకే అర్థమవుతుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే సగంలోనే ఆపి "పోనీలే" అంటారు. నాకు ఆ పోనీలే వద్దు. ఈ వారంలో మా అమ్మకు, చెల్లెలికి చెప్పాలి. దానికి ముందు ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా, ఎక్కడా నన్ను నేను వెనకేసుకు రాకుండా చెప్పగలనో లేదో ఇక్కడ చూసుకుంటున్నాను. పేర్లు చెప్పను. ఆ పిల్ల నా మేనకోడలు. ఇక్కడ చిట్టి అంటాను. అసలు పేరు వేరే ఉంది. నా తప్పు వల్ల వచ్చిన అక్షరంతో మొదలవుతుంది ఆ పేరు.

అప్పట్లో నేను ఎల్‌బీనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల నెట్‌వర్క్ చూసేవాణ్ణి. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు, ఆ బిల్డింగులో బట్టల షాపు పెట్టారు. అప్పుడు మాత్రం ఊపు మీద ఉండేది. మలక్‌పేట వైపు ఒకటి, వనస్థలిపురం వైపు ఒకటి, బ్రాంచీలు కూడా ఉండేవి. అన్ని చోట్లా కంప్యూటర్లు, వేలిముద్ర వేసే మిషన్లు, గోడల మీద ఎర్ర అంకెల గడియారాలు. అవన్నీ ఒకే తీగ మీద వాలిన పిట్టల్లాగా ఒకే నెట్‌వర్క్ మీద ఉండేవి. వాటన్నిటిలో టైం ఒకటే ఉండేలా చూడటం నా పనుల్లో ఒకటి.

కంప్యూటర్‌లో కనిపించే టైం ఎప్పుడూ కరెక్టే అని చాలామంది నమ్మకం. కాదు. ఏ యంత్రాన్ని దాని మానాన వదిలేసినా అది తన ఇష్టం వచ్చినట్టు నడుస్తుంది. ఒకటి కాస్త ముందుకు, ఒకటి కాస్త వెనక్కి. అందుకని అవన్నీ కొద్దిసేపటికోసారి ఒక పెద్ద కంప్యూటర్‌ను "టైం ఎంత?" అని అడుగుతాయి. మేము దాన్ని మాస్టర్ అనేవాళ్ళం. మాస్టర్ మళ్ళీ ఇంటర్నెట్ మీద బయట ఉన్న అసలైన గడియారాన్ని అడుగుతుంది. ఇంతే సంగతి. అడగడం, నమ్మడం, సర్దుకోవడం. మాస్టర్ ఏం చెబితే కింద ఉన్నవన్నీ అదే చెబుతాయి. మాస్టర్ గదికి తాళంచెవి నా దగ్గర ఉండేది.

మా అడ్మినిస్ట్రేషన్ మేనేజర్ విజయవాడ వైపు మనిషి. చెడ్డవాడేం కాదు. మెట్రో పనుల వల్ల రోడ్లన్నీ తవ్వేసిన రోజులవి, స్టాఫ్ అంతా ఆలస్యంగా వస్తున్నారని ఆయనకు మహా చిరాకు. ఒక రోజు నా సీటు దగ్గరకొచ్చి, "ఏమండీ, మా ఇంట్లో హాల్లో గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందే ఉంటుందండి. ఇప్పటివరకు ఒక్క బస్సు కూడా మిస్ అవలేదు నేను. ఇక్కడ కూడా అలా పెట్టేయండి, వాళ్ళే దారికొస్తారు," అన్నాడు.

మీరు నవ్వుతారేమో. నాకు మాత్రం అది వింతగా అనిపించలేదు. మా ఇంట్లోనూ అంతే. కొత్తపేటలో మేము కిరాయికి ఉన్న ఆ ఇంట్లో గోడ గడియారం ముందు నడిచేది. మా నాన్న ఉన్నప్పుడు పెట్టింది, ఎవరూ మార్చలేదు. అందరికీ తెలుసు అది ముందుందని. అందరూ చూసి మనసులో పది తీసేసుకుంటారు. ఇక ముందు పెట్టి ఏం లాభమో ఎవరూ అడగరు. ముందు వచ్చినవాళ్ళు పోయేటప్పుడు కూడా పది నిమిషాలు ముందే పోతారన్న సంగతి మా మేనేజర్‌కు తట్టలేదు. నాకు తట్టింది, చెప్పలేదు. పెద్దసారు స్వయంగా వచ్చి అడిగారన్న సంబరంలో ఉన్నాను.

వేలిముద్ర మిషన్లను మాత్రమే విడిగా ముందుకు జరిపే దారి వెతకవచ్చు. అది కాస్త తలనొప్పి పని. మాస్టర్‌ను జరపడం సులువు. నేను సులువైనది ఎంచుకున్నాను. ఒక్కసారిగా పది నిమిషాలు దూకిస్తే కింది యంత్రాలు ఒప్పుకోవు. అంత తేడా చూస్తే మాస్టర్‌నే అనుమానించి మాట వినడం మానేస్తాయి. అందుకని బయటి గడియారంతో మాస్టర్‌కు ఉన్న సంబంధం తెంచేశాను. ఆ తర్వాత దాన్ని రోజూ కొంచెం కొంచెంగా, ఏ యంత్రానికీ అనుమానం రానంత మెల్లగా ముందుకు నడిపించాను. కొన్నాళ్ళకు అన్ని బ్రాంచీల్లో ప్రతి కంప్యూటరూ, ప్రతి గోడ గడియారమూ లోకం కంటే పది నిమిషాలు ముందుంది. వరండాలో నిలబడి చూస్తే ఈ చివరి గడియారమూ ఆ చివరి గడియారమూ ఒకే క్షణంలో అంకె మార్చేవి. చూసి మురిసిపోయాను. అవును, మురిసిపోయానండీ. ఇంత చక్కగా ఒక అబద్ధాన్ని ఇంతమందితో ఒకేసారి చెప్పించినవాడు ఎవడుంటాడు?

స్టాఫ్ కొన్నాళ్ళు గొణిగారు. తర్వాత అలవాటు పడ్డారు. ఆసుపత్రి టైం వేరు, బయట టైం వేరు అని జోకులేసుకున్నారు. కాన్పుల గదిలో కూడా ఒక ఎర్ర అంకెల గడియారం ఉందని నాకు తెలుసు. దాన్ని నేనే బిగించాను. కానీ పిల్లలు పుట్టిన టైం ఆ గడియారం చూసే చెబుతారన్న సంగతి నాకు తట్టనే లేదు. నిజంగా తట్టలేదు. ఈ ఒక్కచోట నేను అమాయకుణ్ణే. ఇక్కడితో నా అమాయకత్వం అయిపోయింది.

ఆ ఏడాదే మా చెల్లెలికి నెలలు నిండాయి. మొదటి కాన్పు పుట్టింటివాళ్ళది కదా. స్టాఫ్ కుటుంబమని మా ఆసుపత్రిలోనే చేర్చాము. పగటి పూట, భోజనాల వేళ దాటాక పాప పుట్టింది. ఆ వారమే కొత్తగా చేరిన నర్సు బయటికొచ్చి "ఆడపిల్ల" అంది, టైం చెప్పింది. వరండాలో అందరం ఉన్నాం. మా అమ్మ, బావ, బావ వాళ్ళ అమ్మానాన్న. శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చిన మా మేనేజర్ కూడా ఉన్నాడు.

మా అమ్మ వెంటనే గుడి పంతులుగారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. ఆయన పంచాంగం చూసుకున్న చప్పుడు కూడా వినబడింది. రోహిణి అప్పుడే వచ్చిందట. మొదటి పాదం. మేనమామకు మంచిది కాదు, గండం చూపిస్తోంది అన్నాడు. తర్వాత ఒక్క క్షణం ఆగి, టైం మరొక్కసారి సరిగ్గా కనుక్కోమన్నాడు. నాలుగైదు నిమిషాలు ముందు పుట్టి ఉంటే కృత్తిక అవుతుంది, ఏ చిక్కూ లేదు అన్నాడు.

నేను ఎర్ర అంకెల వైపు చూశాను. మనసులో పది తీసేశాను. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి తీసేసినట్టే తీసేశాను. కృత్తిక.

మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వే గద కొడుకా గీ గడియారాలన్ని చూసేది. గా టైం సరిగ్గనే ఉన్నదా?"

మేనేజర్ నా వైపు చూస్తున్నాడు. బావ వాళ్ళ నాన్న చూస్తున్నాడు. నర్సు లోపలికి పోయి కంప్యూటర్‌లో కూడా చూసి వచ్చి, రెండూ ఒకటే చూపిస్తున్నాయని చెప్పింది. రెండూ ఒకటే చూపిస్తాయి మరి. రెండిటికీ ఆ మాట చెప్పింది నేనే.

"కరెక్టే అమ్మా," అన్నాను. "మా దాంట్ల ఒక్క సెకను కూడ తేడా రాదు."

ఇదీ నేను చేసిన తప్పు. గడియారం జరపడం కాదు. ఈ రెండు వాక్యాలు.

ఎందుకన్నాను? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో. ఉద్యోగం పోతుందని భయమా? ఉంది. బావ వాళ్ళ ముందు, మేనేజర్ ముందు, ఆసుపత్రి గడియారాలు దొంగ గడియారాలని ఒప్పుకోవడానికి సిగ్గా? ఉంది. కానీ అసలు కారణం అది కాదు. నాకు నక్షత్రాల మీద నమ్మకం లేదు. ఉన్నా ఆ గండం ఎవరికి? నాకు. నాకు రావలసిన ఆపద గురించి నేను అబద్ధం చెప్పుకుంటే ఎవరికి నష్టం? అది నా సొంత వ్యవహారం అనుకున్నాను. లోపల కొంచెం గొప్పగా కూడా అనిపించింది, త్యాగం చేస్తున్నవాడిలాగా. ఆ కథలో నేను కాక ఇంకొక మనిషి కూడా ఉందని, ఆ మనిషి అప్పుడే గుడ్డలో చుట్టబడి ఏడుస్తోందని నాకు తోచలేదు.

శాంతి చేయించారు. ఇత్తడి గిన్నెలో నువ్వుల నూనె పోసి నా ముందు పెట్టారు. చెల్లెలు నా వెనక నిలబడి పాపను నా భుజం మీదుగా ఎత్తి పట్టుకుంది. నేను వెనక్కి తిరగకుండా, నూనెలో ఆ ముఖం మొదటిసారి చూడాలి. చూశాను. నూనెలో ఒక ఎర్రటి చిన్న ముఖం కదిలింది. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. పంతులుగారు ఇచ్చిన అక్షరంతో పేరు పెట్టారు.

ఆ వారమే నేను మాస్టర్‌ను మళ్ళీ వెనక్కి నడిపించడం మొదలుపెట్టాను. ఎలా ముందుకు తీసుకెళ్ళానో అలాగే, మెల్లగా, ఎవరికీ అనుమానం రాకుండా. మేనేజర్‌కు ఏవో సాంకేతిక కారణాలు చెప్పాను. ఆయన అప్పటికే ఆ సంగతి మరిచిపోయాడు. కొన్నాళ్ళకు లోకం టైమూ ఆసుపత్రి టైమూ కలిశాయి. బయటి గడియారంతో సంబంధం మళ్ళీ కలిపాను. ఏ జాడా మిగల్లేదు. మధ్యలో ఆ నెలల్లో పుట్టిన పిల్లలు ఎంతమందో నాకు తెలియదు. వాళ్ళలో ఎందరి నక్షత్రం మారిందో, ఎందరి పాదం మారిందో, ఎవరింట్లో ఏ శాంతి జరిగిందో, ఎవరి సంబంధం ఏ జాతకం మీద రేపు చెడబోతోందో తెలియదు. మీ ఇంట్లో కూడా ఆ వైపు పుట్టిన పిల్ల ఎవరైనా ఉందేమో, ఆ పిల్ల మీద ఏదైనా మాట పడిందేమో, అదీ నాకు తెలియదు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నేను ఒక్కటే అనుకునేవాణ్ణి: నక్షత్రాలు ఉత్తవే కదా. చూడండి, ఎంత హాయిగా ఉంటుందో ఆ మాట.

చిట్టికి పుట్టు వెంట్రుకలు తీసేటప్పుడు మొదటి కత్తెర మేనమామ వెయ్యాలి. నాచేత వేయించలేదు, మా చిన్నాన్న కొడుకుచేత వేయించారు. చెవులు కుట్టించేటప్పుడు మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి. నన్ను పిలవలేదు. ఫోటోలు చూశాను, ఇంకెవరి ఒడిలోనో నోరు తెరిచి ఏడుస్తోంది. అయినా అప్పటికి అందరూ కాస్త నవ్వుతూనే ఉండేవాళ్ళు. గండం గడిచిపోయి ఉంటుందిలే అనుకున్నారు. పిల్ల నా బండి హారన్ వింటే గేటు దాకా పరిగెత్తుకొచ్చేది.

తర్వాత నా కాలు విరిగింది.

చిట్టి అప్పటికి ఇంకా బడికి పోవడం లేదు. తుర్కయంజాల్‌లో చెల్లెలి ఇంటి నుంచి బయల్దేరుతుంటే గేటు దగ్గర ఎదురొచ్చి చాక్లెట్ అడిగింది. ఇచ్చి వచ్చాను. ఎల్‌బీనగర్ దాటాక యూటర్న్ చాలా దూరం ఉంటుంది. అక్కడ అందరూ చేసే పనే నేనూ చేశాను, రాంగ్ రూట్‌లో బండి పోనిచ్చాను. ఎదురుగా ఆటో వచ్చింది. ఆటోవాడి తప్పేం లేదు పాపం, వాడి దారిన వాడు వస్తున్నాడు. నా కాలిలో రాడ్డు వేశారు. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు కుడికాలు ఈడుస్తాను.

దవాఖానలో కళ్ళు తెరిచేసరికి మా అమ్మ తల కొట్టుకుంటోంది. "రోహిణి ఊకె పోతదా," అంటోంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు ఊపుతున్నారు. ఎవరూ నన్ను ఏ వైపు నుంచి పోతున్నావని అడగలేదు. హెల్మెట్ పెట్టుకున్నావా అని అడగలేదు. పెట్టుకోలేదు. నా తప్పు అంతా పోయి నక్షత్రం మీద పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను: నాకు హాయిగా అనిపించింది. అందరూ జాలి పడుతున్నారు, ఎవరూ తిట్టడం లేదు. అప్పటికి ఆ ఆసుపత్రి మూతపడింది. ఉద్యోగం భయం లేదు, మేనేజర్ లేడు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. ఈసారి ఏ త్యాగం సాకూ లేదు నాకు.

అప్పటి నుంచి నేను వస్తున్నానంటే పిల్లను లోపలికి పంపేవాళ్ళు. కొన్నాళ్ళకు పంపనక్కరలేకుండా తనే పోయేది. ఫోన్ పిచ్చి, సిగ్గు, ఈ కాలం పిల్లలు ఇంతే అనుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది. నేను చెల్లెలి ఇంటి నుంచి తిరిగొచ్చి చెప్పులు విడవగానే మా అమ్మ వాళ్ళకు ఫోన్ చేస్తుంది. "వచ్చిండు" అని ఒక్క మాట చెప్పి పెట్టేస్తుంది. ముసలామె చాదస్తం అనుకునేవాణ్ణి. ఆ మాట ఎవరి కోసమో ఏనాడూ అడగలేదు.

పోయిన ఆదివారం మా అమ్మ మామిడికాయ తొక్కు పెట్టి, ఒక డబ్బా చెల్లెలికి ఇచ్చి రమ్మంది. పోయాను. చెల్లెలు, బావ లేరు. తలుపు చిట్టి తీసింది. తీస్తూనే వెనక్కి తిరిగి గోడ వైపు నిలబడింది.

"అమ్మ లేదా చిట్టీ?"

"నాదర్‌గుల్ పోయిన్రు మామా, ఫంక్షన్ ఉండె. డబ్బా ఆడ టేబుల్ మీద పెట్టు."

"ఏందే, గోడతోని మాట్లాడుతున్నవ్? ఇటు తిరుగు జర. ఎంత పెద్దగైనవో చూస్త."

"వద్దు మామా. ఈ నెల నీకు అసలే బాగలేదంట. అమ్మమ్మ చెప్పింది. నేను ఎదురుంగ చూడొద్దు."

నవ్వబోయాను. నవ్వుతూనే, "గవన్ని నమ్ముతవా నువ్వు? ఇంగ్లీష్ మీడియం సదువుతున్నవ్," అన్నాను.

"నమ్ముడు గాదు మామా. నాకు యాదికున్నది. గేటు కాడ నేను నీకు ఎదురొచ్చిన. చాక్లెట్ అడిగిన. గా దినమే నీ కాలు ఇరిగింది."

నా నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. పిల్ల మాత్రం మామూలుగా, బడి సంగతి చెబుతున్నట్టు చెప్పుకుపోయింది. "నువ్వు మెట్లు దిగేటప్పుడు కిటికీల నుంచి చూస్త. ఎనుకనుంచి చూస్తె ఏం కాదు. మల్ల నువ్వు ఇంటికి చేరినవని అమ్మమ్మ ఫోన్ చేసేదాక అన్నం తినను. గట్ల ఉంటె నీకు మంచిదని నేనే అనుకున్న. ఎవ్వరు చెప్పలే. ఇయ్యాల కూడ నువ్వొస్తున్నవనంగనే తినుడు ఆపిన."

"ఎప్పటి నుంచి?"

"ఏమో. చిన్నప్పటి నుంచి. అలవాటైంది మామా, ఆకలి కాదు."

ఆ పిల్ల జడ, జడకు కట్టిన నల్ల రబ్బరు బ్యాండు, మెడ మీద చెమట. నా కాలు విరిగాక ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నేను ఎన్నిసార్లు వచ్చి ఉంటాను ఈ ఇంటికి? ఎన్నిసార్లు ఇక్కడి నుంచి పోతూ ఎల్‌బీనగర్‌లో ఫ్రెండును కలిసి, చాయ్ తాగి, కబుర్లు చెప్పి, తీరిగ్గా ఇల్లు చేరి ఉంటాను? అన్నిసార్లూ ఇక్కడ ఒక పిల్ల కంచం ముందు పెట్టుకోకుండా కూర్చుని ఉంది. నేను నక్షత్రాలు ఉత్తవే అనుకుంటూ హాయిగా ఉన్నాను. ఈ పిల్ల నన్ను బతికిస్తున్నాననుకుంటూ పస్తులుంది.

ఏం చేశానో తెలుసా? "సరే బిడ్డా, తిను," అని చెప్పి పారిపోయాను. అవును, అప్పుడు కూడా. మెట్లు దిగుతుంటే వీపు మీద ఆ కిటికీ తెలుస్తూనే ఉంది. కాలు ఈడవకుండా దిగాలని చూశాను, చేతకాలేదు.

సాగర్ రోడ్డు దాకా వచ్చి ఒక చెరుకురసం బండి పక్కన ఆపేశాను. ఇంటికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? అంతసేపూ తినదు. మా అమ్మకు ఫోన్ చేద్దామనుకున్నాను. నేను ఇంకా రాకపోయినా "వచ్చిండు" అని ఫోన్ చేసెయ్యమ్మా అని చెబితే పిల్ల ఇప్పుడే తింటుంది కదా. ఫోన్ తీశాను. నంబరు కూడా నొక్కబోయాను. అప్పుడు తెలిసింది నేనేం చేస్తున్నానో. ఇంకా జరగనిదాన్ని జరిగిపోయిందని చెప్పించబోతున్నాను. మళ్ళీ గడియారాన్ని ముందుకు జరపబోతున్నాను. మళ్ళీ ఎవరి మేలు కోసమో అన్నట్టు.

ఫోన్ జేబులో పెట్టి బండి వెనక్కి తిప్పాను. యూటర్న్ దాకా పోయే తిప్పాను.

తలుపు తీసి చిట్టి భయపడింది. "ఏమైంది మామా?" అని గోడ వైపు తిరిగింది. నేను గుమ్మంలోనే నిలబడి ఆ వీపుకు అంతా చెప్పాను. గడియారాల సంగతి, మేనేజర్ సంగతి, వరండాలో అమ్మ అడిగిన మాట, నేనన్న మాట. అంకెలతో సహా చెప్పాను. నువ్వు రోహిణి కాదు, కృత్తిక అన్నాను. అంటుంటేనే ఆ మాట కూడా తప్పుగా వినబడింది. నిజంగా రోహిణిలో పుట్టి ఉంటే? అప్పుడు ఆ పిల్ల తప్పయ్యేదా ఇది? ఆ మాట కూడా చెప్పాను, తడబడుతూ. ఏ నక్షత్రమైనా నీ తప్పు కాదు బిడ్డా అన్నాను. ఎంత అర్థమైందో తెలియదు.

గోడ వైపే ఉండి అడిగింది, "మరి నీ కాలు?"

"రాంగ్ రూట్ల పోయిన. యూటర్న్ దూరమని. ఆటో తప్పు గాదు, నీ తప్పు గాదు."

అప్పుడు తిరిగింది. మెల్లగా, భయం భయంగా తిరిగి నా ముఖంలోకి సూటిగా చూసింది. వాళ్ళ నాన్న కళ్ళు, మా అమ్మ గడ్డం. పై పెదవి మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. నాకు తెలియదు ఆ మచ్చ ఉందని. నూనెలో కనిపించలేదు, గేటు దగ్గర కూడా నేను గమనించలేదు.

"నీకు ఎర్కనా మామా? నేను పుట్టినప్పటి నుంచి?"

"ఎర్కనే."

ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. నేను క్షమించమని అడగలేదు, అడిగే ముఖం లేదు. చెప్పడం అయిపోయింది, అంతే. ఛాతీలో ఇన్నేళ్ళ నుంచి పట్టేసి ఉన్నదేదో వదిలింది. అంత చిన్నపిల్ల ముందు నిలబడి ఊపిరి పీల్చుకోవడానికి సిగ్గేసింది, అయినా పీల్చుకున్నాను. ఆ పిల్ల మాత్రం రెప్ప వెయ్యకుండా చూసింది. ఇన్నేళ్ళుగా చూడనిదంతా ఒక్కసారే చూస్తున్నట్టు చూసింది. తల దించుకోబోయి ఆగాను. చూడనిచ్చాను.

చూసి చూసి వంటగదిలోకి పోయింది. కంచం తీసిన చప్పుడైంది. కుక్కర్ మూత తీసిన చప్పుడైంది. నేను గుమ్మంలో చెప్పుల మీదే నిలబడి విన్నాను. మా ఇల్లు ఇంకా చాలా దూరం ఉంది, నేను ఇంకా బయల్దేరనే లేదు.

చిట్టి అన్నం తింటోంది.